చేటడు తవుడు

పొద్దున్న ఐదింటికి విజయనగరం కబేళాలో
నా చేతిలో ప్లాస్కు, టీ కోసం కాదు.
ఐసుముక్కల మధ్య ఉప్పునీళ్ళు.
బషీరు బాబాయి సంచీ విప్పుతాడు.
"సూలుదని తెలక సంతలో కొన్నాను తల్లీ."
ప్రతిసారీ అదే మాట,
ప్రతిసారీ తల పక్కకి తిప్పుకునే.

డబ్బిస్తే తీసుకోడు.
"తల్లికి ధర కట్టేను.
లోపల్దానికి నానేటి కట్టగలను?"

గరివిడి బస్సులో ప్లాస్కు ఒళ్ళో పెట్టుకుంటాను.
పక్కనామె అడుగుతుంది, ఆస్పత్రిలో ఎవరున్నారమ్మా?
ఎవరూ లేరంటాను.
అది అబద్ధమో కాదో గుర్ల దాటినా తేలదు.

నడినెత్తి నుంచి తోక మొదలు దాకా
ఇరవైమూడు సెంటీమీటర్లు.
మూడు నెలలు నిండి మరికొన్ని రోజులన్నమాట.
రెప్పలు అతుక్కునే ఉన్నాయి.
రిజిస్టరులో రాస్తాను: మేక, ఆడ, పదిహేడు.

పెసరగింజంత అండాశయం.
ఫార్మలిన్‌లో రెండు రోజులు,
తరవాత ఆల్కహాలు మెట్లు ఒక్కొక్కటీ ఎక్కిస్తాను
ఒంట్లో నీరంతా పోయేదాకా.
ఆపైన కరిగిన మైనం.
మైక్రోటోము చక్రం తిప్పితే
ఐదు మైక్రాన్ల రిబ్బను దిగుతుంది.
మూడుసార్లు తెగింది.
నాలుగోది గోరువెచ్చటి నీళ్ళ మీద
మీగడలా విచ్చుకుంది.

నేరేడు తిన్న నాలుక రంగు ఒకటి,
పారాణి కడిగిన నీళ్ళ రంగు ఒకటి.
కన్ను ఆనించి మర తిప్పితే ముందు మబ్బు.
తరవాత అంచు, ఒకే వరసలో ఇటుకల్లాంటి కణాలు.
దాని కింద గుంపులు గుంపులుగా
ఇంకా విడిపోని గూళ్ళు.
మరికాస్త లోతున
ఒంటరైపోయిన గుండ్రటి గుడ్డు,
చుట్టూ చదునుగా ఒక్కటే పొర,
పురిటింట్లో గోడవార చేరిన ఆడాళ్ళలాగ.
ఆ పొర ఏమీ చెయ్యదు. కాచుకుని ఉంటుంది.

లెక్కపెట్టడమే నా పని.
ఒక చదరంలో నలభై ఒకటి.
కొన్ని అప్పటికే ముడుచుకుపోయి నల్లటి చుక్కలయ్యాయి.
వాటినీ లెక్కపెట్టాలి, వేరే గడిలో.
పుట్టకుండానే పోయినదానిలో
పుట్టకుండానే పోయినవి.
మేడం అంది, "బాధ రాయొద్దు, సంఖ్య రాయి."

నా పేరు తవిటమ్మ. సర్టిఫికెట్లలోనూ అదే.
హాస్టల్లో తవి అంటారు, అదేదో కొత్త పేరనుకుని.
మా ఊరు గర్భాం.
బస్సు బోర్డు మీద చూసి కొత్తవాళ్ళు నవ్వుతారు.
అక్కడ మాంగనీసు తట్టలు మోస్తూ
మాయమ్మ నాకు ముందు ఇద్దర్ని పోగొట్టుకుంది.
ఒకటి ఐదో నెల.
ఇంకోటి ఎన్నో నెలో ఆవిడకే తెలీదు.
వాళ్ళనెవరూ కొలవలేదు.

నేను పుట్టగానే పొరుగింటి గున్నమ్మ చేతుల్లో పెట్టేసి
చేటడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది.
"నువ్వు నా కడుపున పుట్టిందానివి కాదే, కొన్నదానివి.
అందుకే మిగిలేవు" అంటుంది
ఇప్పటికీ, గర్వంగా.

ఒకసారి ఫోన్లో చెప్పాను,
అమ్మా, కళ్ళు తెరవని ఈ పిల్లలో
దాని పిల్లలకి కావలసిన గుడ్లన్నీ ముందే ఉన్నాయి.
ఎన్నుంటాయేటి? అంది.
వేలల్లో అన్నాను.
చాలాసేపు మాట్లాడలేదు.
"మరి తవుడెంత కావాలో" అంది.

పోయిన బుధవారం
ప్లాస్కుతో పాటు గోనెసంచి పట్టుకెళ్ళాను.
రాటకి కట్టిన మేకల ముందు కుమ్మరించాను.
బషీరు బాబాయి ఏటిదీ అనలేదు.
తినేవి తిన్నాయి, మూతులకి పొట్టు అంటుకుంది.
మూలనున్న తెల్లచారల మేక మాత్రం
మొహం తిప్పుకుంది.
పొట్ట కింద చెయ్యి పెట్టాను.
గుండ్రంగా, గట్టిగా, నా అరచేతిని ఏదో తన్నింది.

నాకు కావలసింది సరిగ్గా అదే.
నేను నోరెత్తకపోతే చాలు, గంటలో ప్లాస్కులో ఉంటుంది.

"ఇది సూలుది బాబాయ్, పక్కన కట్టు."

ఆ పూట ఉప్పునీళ్ళు ఒలక్కుండా వెనక్కి తెచ్చాను.
మేడం రిజిస్టరు తిప్పుతూ అడిగింది,
పద్దెనిమిది ఏదీ?
ఇంకా పుట్టలేదండి, అన్నాను.